ఐర్లండ్ సైనిక తటస్థత: మూడు రేవుల నుంచి షానన్ దాకా

ఐర్లండ్ ఏ సైనిక కూటమిలోనూ లేదు. నాటోలో చేరలేదు. యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా, ఆ యూనియన్ ఏనాడైనా ఉమ్మడి రక్షణ వ్యవస్థగా మారితే అందులో చేరకూడదని రాజ్యాంగంలోనే రాసుకుంది. అయినా దేశానికి పశ్చిమాన ఉన్న షానన్ విమానాశ్రయంలో దిగి, ఇంధనం నింపుకొని, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల కాలంలో అటూ ఇటూ సాగిపోయిన అమెరికన్ సైనికులు 20 లక్షలకు పైనే. ఐర్లండ్ ఆకాశంలోకి అనుమానం కలిగించే విమానం వస్తే వెంటాడటానికి ఆ దేశానికి ఒక్క యుద్ధవిమానమూ లేదు. ఆ పని బ్రిటిష్ వాయుసేన చేసిపెడుతుందని అందరూ అనుకుంటారు. ప్రభుత్వం మాత్రం ఔననదు, కాదనదు.

సుమారు 54 లక్షల జనాభా ఉన్న ఈ దేశం పాటించే విధానానికి సైనిక తటస్థత అని పేరు. స్విట్జర్లండ్ తటస్థతను 1815లో యూరప్‌లోని పెద్ద రాజ్యాలు కలిసి గుర్తించాయి. ఆస్ట్రియా 1955లో తన తటస్థతను రాజ్యాంగ చట్టంగా చేసుకుంది. ఐర్లండ్ దగ్గర అలాంటి పత్రమేదీ లేదు. పెద్ద పొరుగుదేశం నీడలో బతికిన చిన్న దేశం మా రేవులు మావి, మా నిర్ణయం మాది అని పట్టుబట్టడంలోంచి పుట్టి, అవసరాన్నిబట్టి సాగుతూ ముడుచుకుంటూ వచ్చిన ఆనవాయితీ ఇది. ఇందులో శాంతివాదం పాలు కొంచెమే, సార్వభౌమత్వం గురించిన పట్టింపే ఎక్కువ. అందుకే దీన్ని అర్థం చేసుకోవడానికి ప్రభుత్వ ప్రకటనలు చదవడంకన్నా, ఎవరి ఓడలు ఎక్కడ ఆగాయి, ఎవరి విమానాలు ఎక్కడ దిగాయి అని చూడటం మేలు.

రాజ్యాంగం ఏమంటుంది

పోటీ పరీక్షలకు చదివే తెలుగు విద్యార్థులకు ఐర్లండ్ పేరు ఆదేశిక సూత్రాల దగ్గర తగులుతుంది. భారత రాజ్యాంగ నిర్మాతలు ఆ భావనను 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం నుంచే తీసుకున్నారు. అదే రాజ్యాంగంలోని 29వ అధికరణం దేశాల మధ్య శాంతిని, తగాదాలను సామరస్యంగా తీర్చుకోవడాన్ని ఆదర్శాలుగా చెబుతుంది. మన 51వ అధికరణం చదివినవారికి ఆ ధోరణి కొత్తగా అనిపించదు. 28వ అధికరణం ప్రకారం దిగువ సభ అయిన డాయిల్ అనుమతి లేకుండా దేశం ఏ యుద్ధంలోనూ పాల్గొనకూడదు. అంటే డాయిల్ ఒప్పుకుంటే పాల్గొనవచ్చు. తటస్థంగా ఉండి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. యూరోపియన్ ఉమ్మడి రక్షణ గురించిన నిషేధం 2002లో సవరణగా వచ్చి చేరింది, అదీ ఓటర్లు ఒకసారి మొట్టికాయ వేశాక. తటస్థతను రాజ్యాంగంలో నేరుగా రాయాలన్న ప్రతిపాదనలు పార్లమెంటులో చాలాసార్లు వచ్చాయి, వీగిపోయాయి. పాలించే పార్టీలు ఏవైనా సరే, చేతులు కట్టేసుకోవడానికి ఇష్టపడలేదు.

పాత మూలాలు

బ్రిటన్ చేసే యుద్ధం ఐర్లండ్ యుద్ధం కానక్కర్లేదన్న వాదన స్వతంత్ర రాజ్యం కన్నా పాతది. బ్రిటన్, స్పెయిన్ యుద్ధానికి సిద్ధపడుతున్న 1790లో వుల్ఫ్ టోన్ ఒక కరపత్రం రాసి, ఆ తగాదాతో ఐర్లండ్‌కు సంబంధం లేదన్నాడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ అధ్యక్షుడిగా ఐరిష్ తటస్థతా సంఘం ఏర్పడింది. తాము కొలిచేది ఇంగ్లండ్ రాజునూ కాదు, జర్మన్ కైజరునూ కాదు, ఐర్లండ్‌నే అని డబ్లిన్‌లోని కార్మిక సంఘ భవనం మీద పెద్ద బ్యానరు కట్టారు. అప్పుడు ఆ నగరంలో న్యాయశాస్త్రం చదువుతున్నవారిలో బరంపురం తెలుగు కుటుంబానికి చెందిన వి.వి. గిరి కూడా ఉన్నారు. 1913లో వెళ్ళిన ఆయనను, 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచిపొమ్మని ప్రభుత్వం ఆదేశించింది. తర్వాతి కాలంలో భారత కార్మికోద్యమ నాయకుడై, రాష్ట్రపతి అయిన గిరి తన మీద డబ్లిన్ రోజుల ప్రభావాన్ని దాచుకోలేదు.

మూడు రేవులు

1921 డిసెంబర్ 6న కుదిరిన ఆంగ్లో–ఐరిష్ ఒప్పందం ఐర్లండ్‌లో 26 కౌంటీలకు స్వయంపాలన ఇచ్చింది. కానీ అట్లాంటిక్ రక్షణ కోసమంటూ దక్షిణాన కోవ్, నైరుతిన బేర్‌హేవెన్, ఉత్తరాన లాఖ్ స్విల్లీ అనే మూడు రేవులను బ్రిటిష్ నౌకాదళం చేతిలో ఉంచింది. పరాయి సైన్యం రేవుల్లో కూర్చుని ఉండగా ఆ దేశం తటస్థమని ప్రకటించుకున్నా శత్రువు నమ్మడు. కాబట్టి ఆ రేవులు చేతికి రానంతకాలం తటస్థత మాటకే పరిమితం.

1932లో అధికారంలోకి వచ్చిన ఎమన్ డి వలేరా, రైతులు బ్రిటన్‌కు కట్టవలసిన భూమి వాయిదాలను నిలిపేశాడు. బ్రిటన్ ఐరిష్ పశువుల మీద సుంకాలు వేసింది. ఆరేళ్ళు సాగిన ఈ వాణిజ్య యుద్ధం 1938 ఏప్రిల్‌లో రాజీతో ముగిసింది. ఆ రాజీలో నెవిల్ చాంబర్లేన్ మూడు రేవులనూ తిరిగి ఇచ్చేశాడు. బ్రిటిష్ పార్లమెంటులో దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు విన్‌స్టన్ చర్చిల్. 1921 ఒప్పందం మీద సంతకం పెట్టినవారిలో ఆయనా ఒకడు. జర్మన్ జలాంతర్గాములు మళ్ళీ వస్తే ఆ రేవుల విలువ తెలుస్తుందని హెచ్చరించాడు. ఏడాదిన్నర తిరగకుండానే అవి వచ్చాయి.

డి వలేరాకు అప్పటికే చిన్న దేశాల పరిస్థితి గురించి భ్రమలు పోయాయి. నానాజాతి సమితి కౌన్సిల్‌కు 1932లోనూ, సర్వసభ్య సభకు 1938లోనూ అధ్యక్షత వహించినవాడాయన. ఇథియోపియా మీద ఇటలీ దండెత్తినప్పుడు ఆంక్షలను సమర్థించాడు; ఆ ఆంక్షలు నీరుగారడాన్ని చూశాడు. సమిష్టి భద్రత పనిచేయనప్పుడు చిన్న దేశాలు పెద్ద దేశాల చేతిలో పనిముట్లు కాకుండా చూసుకోవడమే మిగిలిందని 1936 నుంచీ చెబుతూ వచ్చాడు.

యుద్ధకాలం: ఒక వైపుకు ఒరిగిన తటస్థత

రెండో ప్రపంచ యుద్ధ సంవత్సరాలను ఐర్లండ్‌లో ఎమర్జెన్సీ అంటారు. 1939 సెప్టెంబర్‌లో ఎమర్జెన్సీ ప్రకటన వెలువడేనాటికి దేశపు క్రమబద్ధ సైన్యం ఏడు వేల పైచిలుకు. నౌకాదళం అనిపించుకోదగ్గదే లేదు. 1941 నాటికి సైన్యాన్ని 40 వేల దాకా పెంచారు గానీ ట్యాంకులు, విమానాలు నామమాత్రం. జర్మనీ ఐర్లండ్ మీద దాడికి ప్రణాళిక గీసుకుంది. జర్మన్లు దిగితే ఉత్తర ఐర్లండ్ నుంచి తన దళాలు దక్షిణానికి రావడానికి బ్రిటన్ మరో ప్రణాళిక వేసుకుంది. ఆ రెండోదాన్ని ఐరిష్ సైన్యాధికారులతో కూర్చుని గుట్టుగా తయారుచేశారు. తటస్థ దేశం యుద్ధంలో ఉన్న ఒక పక్షంతో కలిసి రక్షణ పథకం వేసుకోవడం విడ్డూరమే. కానీ బ్రిటిష్ సైన్యం తన పిలుపు లేకుండా సరిహద్దు దాటితే దాన్నీ ఎదిరిస్తానని డి వలేరా ప్రభుత్వం అదే నోటితో చెబుతూ వచ్చింది.

ఫ్రాన్స్ కూలిపోయిన 1940 జూన్‌లో బ్రిటన్ ఒక బేరం పెట్టింది. యుద్ధంలోకి వస్తే ఐర్లండ్ ఏకీకరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంటామని మాల్కమ్ మాక్‌డొనాల్డ్ ద్వారా కబురు పంపింది. జీవితమంతా ఏకీకరణ కోసం మాట్లాడిన డి వలేరా కాదన్నాడు. బెల్‌ఫాస్ట్ నాయకులు ఒప్పుకోని ఏకీకరణ చేతికొచ్చేది కాదని, యుద్ధం మాత్రం రేపే వచ్చిపడుతుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని ఈనాటికీ గట్టిగా నిరూపించినవారు లేరు.

పైకి ఖచ్చితంగా కనిపించే ఈ తటస్థత లోపల మిత్రరాజ్యాలవైపు ఎంత ఒరిగిందో చిల్లర విషయాల్లో తెలుస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లోని లాఖ్ అర్న్ సరస్సు నుంచి బయలుదేరే బ్రిటిష్ సీప్లేన్లు అట్లాంటిక్ చేరాలంటే డానిగాల్ కౌంటీ మీదుగా కొద్ది మైళ్ళు ఐరిష్ ఆకాశంలో ఎగరాలి. 1941 జనవరిలో డి వలేరా దానికి ఊ అన్నాడు. ఆ మే 26న జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను సముద్రంలో కనిపెట్టింది ఆ దారినే వెళ్ళిన ఒక కాటలీనా విమానం. తీరం పొడవునా 80కి పైగా కాపలా స్థావరాలు పెట్టి, కొండకొమ్ముల మీద తెల్ల రాళ్ళతో దేశం పేరును పెద్ద అక్షరాల్లో పేర్చారు. ఇది తటస్థ నేల, బాంబులు వేయకండి అని దాని భావం. తర్వాత ప్రతి స్థావరానికీ ఒక అంకె చేర్చి ఆ జాబితాను మిత్రరాజ్యాలకు అందించారు. దానితో అవే రాళ్ళు అమెరికన్ పైలట్లకు దారి చూపే గుర్తులయ్యాయి.

మేయో కౌంటీలోని బ్లాక్‌సాడ్ వాతావరణ కేంద్రం కథ ఇంకా ప్రసిద్ధం. అక్కడి పోస్టాఫీసు ఉద్యోగిని మోరీన్ ఫ్లావిన్ 1944 జూన్ మొదట్లో తీసిన గాలి ఒత్తిడి కొలతలు, ఎప్పటిలాగే, లండన్‌కు చేరాయి. నార్మండీ దండయాత్రను జూన్ 5 నుంచి 6కు వాయిదా వేసిన నిర్ణయంలో ఆ కొలతలు కీలకమయ్యాయి. ఎందుకు మళ్ళీ మళ్ళీ సరిచూడమంటున్నారో ఆమెకు అప్పుడు తెలియదు.

కూలిన విమానాల సంగతీ అంతే. ఐర్లండ్‌లో దిగిన బ్రిటిష్, జర్మన్ వైమానికులను కరా మైదానంలోని శిబిరంలో పక్కపక్కనే నిర్బంధించారు. మాట ఇస్తే బయటికి వెళ్ళిరావచ్చు, చేపలు పట్టవచ్చు, పబ్బులో కూర్చోవచ్చు. బ్రిటిష్ వాయుసేనలో పనిచేసిన అమెరికన్ పైలట్ రోలాండ్ వుల్ఫ్ 1941 డిసెంబర్‌లో అక్కడి నుంచి తప్పించుకుని బెల్‌ఫాస్ట్ చేరితే, పరోల్ మాట తప్పాడంటూ బ్రిటిష్ అధికారులే వెనక్కి పంపారు. ఐర్లండ్ తటస్థంగా కనిపించడం బ్రిటన్‌కూ ఎంతో కొంత పనికొచ్చిందనడానికి ఇంతకన్నా ముచ్చటైన ఉదాహరణ దొరకదు. కాలం గడిచేకొద్దీ బ్రిటిష్ విమానాలు శిక్షణలో ఉండగా దారితప్పాయని రాసుకుని వాటి సిబ్బందిని సరిహద్దు దాటించడం మామూలైంది. జర్మన్లకు ఆ సౌకర్యం లేదు. వాళ్ళు యుద్ధం ముగిసేదాకా నిర్బంధంలోనే ఉన్నారు.

1941 ఏప్రిల్‌లో బెల్‌ఫాస్ట్ మీద జర్మన్ బాంబులు పడ్డ రాత్రి దక్షిణం నుంచి 13 ఫైరింజన్లు సరిహద్దు దాటి వెళ్ళాయి. మే 31న డబ్లిన్‌లోని నార్త్ స్ట్రాండ్ మీదే బాంబులు పడి 28 మంది చనిపోయారు. పదుల వేలమంది ఐరిష్ యువకులు బ్రిటిష్ సైన్యంలో చేరితే ప్రభుత్వం చూసీచూడనట్టు ఊరుకుంది. ఐరిష్ సైన్యాన్నే వదిలి వెళ్ళి బ్రిటిష్ యూనిఫాం వేసుకున్నవాళ్ళు మాత్రం 1945లో ప్రభుత్వోద్యోగాలకు అనర్హులయ్యారు. వాళ్ళకు చట్టబద్ధమైన క్షమాభిక్ష దొరికింది 2013లో, చాలామంది పోయాక.

1944 ఫిబ్రవరిలో అమెరికా జర్మన్, జపాన్ దౌత్యవేత్తలను పంపేయమని నోటీసు ఇస్తే డి వలేరా ఒప్పుకోలేదు. 1945 మే 2న హిట్లర్ మరణానికి సంతాపం తెలపడానికి జర్మన్ రాయబారి హెంపెల్ ఇంటికి వెళ్ళాడు. దౌత్య మర్యాదను అక్షరాలా పాటించానని ఆయన సమర్థన. నాజీ శిబిరాల ఫోటోలు పత్రికల్లో వస్తున్న వారాల్లో ఆ మర్యాద ఎంత వికృతంగా కనిపిస్తుందో ఆయనకు తట్టకపోవడం ఆశ్చర్యం. మే 13న చర్చిల్ రేడియోలో ఐర్లండ్‌ను ఎత్తిపొడిచాడు. మూడు రోజుల తర్వాత డి వలేరా తొణక్కుండా, చిన్న దేశాన్ని దాని మానాన వదిలేసినందుకు చర్చిల్‌ను మెచ్చుకుంటూనే, బ్రిటన్ అవసరమే అన్నిటికీ కొలమానమైతే చిన్న దేశాలకు రక్షణ ఎక్కడుంటుందని అడిగాడు. ఆ ప్రసంగం ఆయనకు ఇంట్లో తిరుగులేని పేరు తెచ్చింది. ఐరిష్ ప్రజల మనసులో తటస్థత దేశ గౌరవంతో ముడిపడింది ఈ కాలంలోనే.

నాటో గడప దగ్గర

1949లో నాటో ఏర్పడుతున్నప్పుడు ఐర్లండ్‌ను పిలిచారు. విదేశాంగ మంత్రి షాన్ మాక్‌బ్రైడ్ సోవియట్ వ్యతిరేకతలో ఎవరికీ తీసిపోడు. కానీ ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ చేతిలో ఉన్నంతకాలం బ్రిటన్‌తో ఒకే కూటమిలో కూర్చోలేమన్నాడు. విభజన అంశాన్ని బేరానికి పెడితే అమెరికా బ్రిటన్ మీద ఒత్తిడి తెస్తుందని ఆశ. అమెరికా పట్టించుకోలేదు, విడిగా రక్షణ ఒప్పందం చేసుకుందామని డబ్లిన్ అడిగినా వద్దంది. ఉత్తర ఐర్లండ్‌లోని స్థావరాలు ఎలాగూ బ్రిటన్ ద్వారా చేతిలో ఉన్నాయి, దక్షిణంతో పనేముంది?

అలా ప్రచ్ఛన్న యుద్ధ కాలపు ఐరిష్ తటస్థతకు మూలం సిద్ధాంతం కాదు, ఫలించని బేరం. 1960లలో ప్రధాని షాన్ లెమాస్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరడానికి తహతహలాడుతూ, కమ్యూనిజం విషయంలో తమ దేశం తటస్థం కాదని పదేపదే చెప్పాడు. 1962లో క్యూబా క్షిపణుల సంక్షోభం వచ్చినప్పుడు షానన్‌లో ఆగి హవానా వెళ్ళే చెక్ విమానాలను ఐరిష్ అధికారులు తనిఖీ చేసి ఆ వివరాలను అమెరికా రాయబార కార్యాలయానికి అందించారు. కానీ 1982లో ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ అర్జెంటీనా నౌక బెల్‌గ్రానోను ముంచినప్పుడు, ప్రధాని చార్లెస్ హాహీ యూరోపియన్ ఆంక్షల నుంచి తప్పుకున్నాడు. బ్రిటన్‌కు దూరం పాటించవలసినప్పుడు తటస్థత పదునుగా ఉంటుంది, అమెరికా దగ్గర మెత్తబడుతుంది. ఈ తేడా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

నీలి టోపీలు

సోవియట్ వీటో వల్ల ఆగి ఆగి 1955 డిసెంబర్‌లో ఐర్లండ్ ఐక్యరాజ్యసమితిలో చేరింది. తటస్థతకు ఒక సానుకూల రూపం అక్కడ దొరికింది. విదేశాంగ మంత్రి ఫ్రాంక్ ఐకెన్ కమ్యూనిస్టు చైనా ప్రాతినిధ్యం గురించి చర్చైనా జరగాలని 1957లో ఓటు వేసి అమెరికాకు కోపం తెప్పించాడు. అణ్వాయుధాల వ్యాప్తిని ఆపాలని ఏటేటా తీర్మానాలు పెడుతూ, 1961లో సర్వసభ్య సభ చేత ఏకగ్రీవంగా ఒప్పించాడు. 1968లో అణు నిరాయుధీకరణ దిశగా వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందానికి అదే బీజం. మాస్కోలో దాని మీద మొట్టమొదటి సంతకం ఐకెన్‌దే. ఒక చిన్న దేశం చేయగలిగిన పనుల్లో ఇంతకన్నా పెద్దది అరుదు.

1958 నుంచి ఐరిష్ సైనికులు ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో విరామం లేకుండా పనిచేస్తున్నారు. 1960 నవంబర్‌లో కాంగోలోని నియెంబా దగ్గర జరిగిన దాడిలో తొమ్మిదిమంది చనిపోతే డబ్లిన్ వీధులు జనంతో నిండిపోయాయి. మరుసటి సెప్టెంబర్‌లో జాడోవిల్‌లో కమాండెంట్ పాట్ క్విన్లన్ నాయకత్వంలోని 150 మంది పైచిలుకు ఐరిష్ బృందం, తమకన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది ఉన్న కటాంగా వేర్పాటువాద దళాలను ఐదు రోజులు నిలువరించి, మందుగుండూ నీళ్ళూ అయిపోయాక లొంగిపోయింది. ఒక్కరూ చనిపోలేదు. వాళ్ళను ఆదుకోవడానికి కదిలిన దళంలో భారత గూర్ఖాలూ ఉన్నారు. లుఫిరా వంతెన దాటడం సాధ్యపడలేదు. లొంగిపోయారన్న నామోషీతో ఆ బృందాన్ని సొంత సైన్యమే దశాబ్దాలపాటు పక్కన పెట్టింది. వాళ్ళ ప్రతిష్ఠను నిలబెట్టే పని ఈ శతాబ్దంలో గానీ జరగలేదు.

1978 నుంచి ఐరిష్ సైన్యానికి ప్రధాన విదేశీ కార్యక్షేత్రం దక్షిణ లెబనాన్. అక్కడ దాదాపు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. 2024 అక్టోబర్‌లో ఇజ్రాయెల్ ట్యాంకులు ఐరిష్ చౌకీ పక్కనే వచ్చి నిలబడి, ఖాళీ చేయమని అడిగినా ఆ సైనికులు కదల్లేదు.

షానన్

ఈ విమానాశ్రయానికి తటస్థతకన్నా ముందు వ్యాపారం తెలుసు. పాతకాలపు విమానాలు ఒక్క ట్యాంకు ఇంధనంతో అట్లాంటిక్ దాటలేవు కాబట్టి అందరూ ఇక్కడ ఆగేవారు. ప్రపంచంలో మొదటి డ్యూటీఫ్రీ దుకాణం 1947లో ఇక్కడే తెరిచారు. జెట్ విమానాలు వచ్చి ఆగే అవసరం పోయినప్పుడు, అట్లాంటిక్ దాటే విమానాలు షానన్‌లో దిగాలని ప్రభుత్వం చాలాకాలం నిబంధన పెట్టింది. 1980లలో సోవియట్ ఏరోఫ్లోట్ తన ఇంధనాన్ని ఓడల్లో తెచ్చి ఇక్కడే నిల్వచేసుకుని, హవానా దారిలో వాడుకునేది. అమెరికన్ సైనికులు, సోవియట్ ప్రయాణికులు ఒకే లాంజిలో విస్కీ కొన్న రోజులున్నాయి. 1994లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ విమానం దిగి, ఆయన మాత్రం దిగక, ప్రధాని ఆల్బర్ట్ రేనాల్డ్స్ రన్‌వే మీద నిలబడిపోయిన ముచ్చటా ఇక్కడిదే.

విదేశీ సైనిక విమానాల మీద 1952 నుంచీ ఉత్తర్వు ఉంది. అనుమతి దొరకాలంటే విమానంలో ఆయుధాలు, మందుగుండు ఉండకూడదు, నిఘా పని చేయకూడదు, యుద్ధవిన్యాసాల్లో భాగం కాకూడదు. సైనికులను మోసే అద్దె పౌర విమానాలకు వేరే నిబంధన: ఆయుధాలు తీసుకువెళ్ళాలంటే మంత్రి మినహాయింపు ఇవ్వాలి. ఆ మినహాయింపులు ఏటా వందల్లో ఇస్తూ వచ్చారు. సైనిక విమానాలను మాత్రం తనిఖీ చేయరు. అమెరికా చెప్పిందే లెక్క. అఫ్ఘాన్ యుద్ధకాలంలో రహస్య బందీలను తరలించిన సి.ఐ.ఎ. విమానాలు షానన్‌లో ఇంధనం నింపుకున్నాయన్న విమర్శకూ ఇదే జవాబు వచ్చింది: బందీలెవరినీ ఇటుగా తీసుకురాలేదని అమెరికా మాట ఇచ్చింది, మాకు అది చాలు.

2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా డబ్లిన్‌లో లక్ష మంది నడిచారు. షానన్‌లో నిలిపిన అమెరికన్ నౌకాదళ విమానాన్ని గొడ్డలితో, సుత్తులతో దెబ్బతీసిన ఉద్యమకారుల్లో ఐదుగురిని 2006లో జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. ఇంత నిరసన ఉన్నా 2003 మార్చి 20న, బాంబింగ్ మొదలైన రోజే, బర్టీ అహర్న్ ప్రభుత్వం విమానాల సౌకర్యం కొనసాగించేలా డాయిల్‌లో తీర్మానం నెగ్గించుకుంది. రిటైరైన సైన్యాధికారి ఎడ్వర్డ్ హోర్గన్ హైకోర్టుకు వెళ్ళాడు. యుద్ధంలో ఉన్న దేశపు దళాలను తటస్థ దేశం తన నేల మీదుగా సాగనివ్వకూడదని 1907 నాటి హేగ్ నియమాలు చెబుతాయి. అలాంటి అంతర్జాతీయ ఆచారం ఉందని, షానన్‌లో జరుగుతున్నది దానికి సరిపడదని న్యాయమూర్తి కెర్న్స్ ఒప్పుకున్నారు. కానీ దాన్ని దేశీయ కోర్టు ప్రభుత్వం మీద అమలు చేయలేదని కేసు కొట్టేశారు. సైనిక తటస్థత అంటే కూటమిలో లేకపోవడమే, అంతకుమించి ఏమీ కాదన్న ప్రభుత్వ నిర్వచనం ఈ కేసులో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా కనబడదు.

ఈ ఉదారతకు కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. అమెరికన్ కంపెనీల యూరప్ కార్యాలయాలు, మందుల ఫ్యాక్టరీలు ఐర్లండ్ ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక. డబ్లిన్‌లో స్థిరపడ్డ తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో చాలామందికి జీతం వచ్చేదీ వాటినుంచే. ఉత్తర ఐర్లండ్ శాంతి ఒప్పందానికి వాషింగ్టన్ అండ ఉంది. ఏటా మార్చిలో సెయింట్ పాట్రిక్ పండుగకు ఐరిష్ ప్రధాని శ్వేతసౌధంలోకి షామ్‌రాక్ ఆకుల గిన్నెతో వెళ్తాడు. అంత చనువు పెద్ద దేశాలకే అరుదు. దాన్ని విమానాశ్రయం దగ్గర పోగొట్టుకోవడానికి ఏ ప్రభుత్వమూ సిద్ధపడలేదు.

ఆకాశానికీ సముద్రానికీ కాపలా

ఐర్లండ్ రక్షణ వ్యయం జాతీయోత్పత్తిలో 0.2 శాతం దరిదాపుల్లో ఉంటూ వచ్చింది, యూరోపియన్ యూనియన్‌లో అందరికన్నా తక్కువ. బహుళజాతి కంపెనీల లెక్కలతో ఉబ్బిన జాతీయోత్పత్తి వల్ల ఆ శాతం ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తుందన్నది నిజమే గానీ, లెక్క సరిచేసినా స్థానం పెద్దగా మారదు. సైన్యం, నౌకా, వాయుదళాలు కలిపి 7,500 మంది. నౌకాదళంలో ఓడలున్నా నడిపేవాళ్ళు చాలక కొన్నిసార్లు ఒకటి రెండే సముద్రంలోకి వెళ్ళాయి. దేశ విస్తీర్ణానికి ఆరు రెట్లున్న సముద్ర మండలాన్ని అవే కాయాలి. అమెరికా, యూరప్‌ల మధ్య సమాచారం మోసే కేబుళ్ళలో పెద్దభాగం ఆ నీళ్ళలోంచో, వాటి పక్కనుంచో పోతాయి.

2022 జనవరిలో రష్యా నైరుతి తీరానికి 240 కిలోమీటర్ల దూరంలో నౌకా విన్యాసాలు చేస్తానంది. ప్రభుత్వం ఆందోళన తెలిపింది, అంతకుమించి చేయగలిగిందేమీ లేదు. అప్పుడు పాత బ్రిటిష్ రేవు బేర్‌హేవెన్ ఒడ్డునే ఉన్న కాజిల్‌టౌన్‌బేర్ జాలర్ల సంఘం తమ పడవలు ఎప్పటిలాగే వేటకు వెళ్తాయని ప్రకటించి, రష్యా రాయబారితో మాట్లాడింది. రష్యా తన విన్యాసాలను ఐరిష్ ఆర్థిక మండలం అవతలికి జరిపింది. ఇది జాలర్ల విజయమా, ఉక్రెయిన్ మీదికి దూకబోతున్న దేశం చూపిన చౌక సౌజన్యమా అన్నది ఎవరిష్టం వారిది.

యూరప్, ఓటర్లు, మూడు తాళాలు

యూరోపియన్ యూనియన్ విదేశాంగ విధానం చిక్కబడే కొద్దీ ఐరిష్ ఓటర్ల అనుమానమూ చిక్కబడింది. ఒకప్పటి రైతు, ఆర్థికశాస్త్రవేత్త రేమండ్ క్రోటీ 1986 చివర కోర్టుకు వెళ్ళి సింగిల్ యూరోపియన్ యాక్ట్‌ను ఆపించాడు. విదేశాంగ విధానంలో దేశం చేతులు కట్టేసే ఒప్పందానికి ప్రజల అనుమతి తప్పదని సుప్రీంకోర్టు 1987లో తేల్చింది. ఆ తీర్పు పుణ్యమా అని యూరప్ ఒప్పందాలు ఒక్కొక్కటే ప్రజాభిప్రాయ సేకరణకు వస్తున్నాయి. 2001లో నీస్ ఒప్పందాన్ని, 2008లో లిస్బన్ ఒప్పందాన్ని ఓటర్లు తిప్పికొట్టారు. రెండుసార్లూ తటస్థతకు ఢోకా లేదన్న హామీలు తెచ్చి ప్రభుత్వం రెండో ఓటులో గట్టెక్కింది. నాటో భాగస్వామ్య కార్యక్రమంలో మాత్రం, ప్రజలను అడుగుతామన్న ఎన్నికల మాట పక్కనపెట్టి, 1999లో చేరిపోయారు.

ఆ హామీల ఫలితంగా బలపడ్డదే మూడు తాళాల నియమం. 12 మందికి మించి సైనికులను విదేశీ దళాల్లోకి పంపాలంటే ప్రభుత్వం, డాయిల్, ఐక్యరాజ్యసమితి మూడూ ఒప్పుకోవాలి. మూడో తాళంచెవి ఆచరణలో భద్రతా మండలి చేతిలో, అంటే రష్యా, చైనా, అమెరికాల వీటో కింద ఉంది. 1999లో మాసిడోనియా దళం గడువు పొడిగింపును చైనా వీటో చేసింది. 2003లో అదే దేశానికి యూరోపియన్ యూనియన్ పంపిన బృందంలో ఐర్లండ్ చేరలేకపోయింది.

ఉక్రెయిన్ యుద్ధం ఈ వాదనలన్నిటినీ మళ్ళీ బయటికి తెచ్చింది. ఫిన్లండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరిపోయాక యూనియన్‌లో బయట మిగిలినవి ఐర్లండ్, ఆస్ట్రియా, మాల్టా, సైప్రస్. తాము సైనికంగా తటస్థమే గాని రాజకీయంగా కాదని డబ్లిన్ ప్రకటించింది. యూరప్ ఉమ్మడి నిధి నుంచి ఆయుధాలకు బదులు కవచాలు, మందులు, ఇంధనానికి తన వాటా మళ్ళించింది. రక్షణ వ్యయాన్ని 2028 నాటికి 150 కోట్ల యూరోలకు పెంచాలని 2022లో నిర్ణయించింది. 2023లో ప్రభుత్వం జరిపిన బహిరంగ చర్చావేదికలను, దేశం తటస్థత నుంచి కొట్టుకుపోతోందంటూ అధ్యక్షుడు మైకేల్ హిగిన్స్ స్వయంగా విమర్శించడం పెద్ద దుమారమైంది. సర్వేల్లో మూడింట రెండు వంతులదాకా జనం ఇప్పటి విధానాన్నే కోరారు. రక్షణ బడ్జెట్ పెంచడానికీ వాళ్ళలో చాలామంది అభ్యంతరపెట్టరు.

2025లో ప్రభుత్వం మూడో తాళాన్ని తీసేసే ముసాయిదా బిల్లు తెచ్చింది. సైనికుల పరిమితిని 12 నుంచి 50కి పెంచడం, భద్రతా మండలి అనుమతి అవసరం లేకుండా చేయడం అందులోని ముఖ్యాంశాలు. 2014 తర్వాత భద్రతా మండలి కొత్తగా ఒక్క శాంతి దళాన్నీ మంజూరు చేయలేదన్నది ప్రభుత్వం చూపే కారణం. ఆ తాళమే పోతే యూరప్ సైన్యం దారి తెరుచుకుంటుందని ప్రతిపక్షాల వాదన. అదే ఏడాది అక్టోబర్‌లో తటస్థత కోసం గట్టిగా మాట్లాడే క్యాథరీన్ కానలీ అధ్యక్షురాలిగా భారీ ఆధిక్యంతో గెలిచింది. లెబనాన్ శాంతి దళాన్ని 2026 డిసెంబర్ 31తో ముగించాలని భద్రతా మండలి తీర్మానించింది. ఆ సైనికులు ఇల్లు చేరాక మళ్ళీ ఎక్కడికి, ఎవరి అనుమతితో వెళ్తారన్నది ఈ బిల్లు భవితవ్యం మీద ఆధారపడి ఉంది.